విశాఖ నుంచి గన్నవరం 290 కిలోమీటర్లే, మరి విమానానికి గంటకు పైగా ఎందుకు?

అమ్మా, మీరు అడిగింది ఇది: ఒక చోట విశాఖ - విజయవాడ దూరం 290 కిలోమీటర్లు అని ఉంది, మరో చోట 350 అని ఉంది, ఏది నిజం? ఏటీఆర్ (రెక్కల మీద రెండు పంకాలుండే చిన్న విమానం) గంటకు సుమారు 510 కిలోమీటర్ల వేగంతో పోతుందంటే 35 నిమిషాల్లో దిగాలి, టికెట్ మీద గంటకు పైగా ఎందుకు చూపిస్తున్నారు? నెల క్రితం మోకాలి ఆపరేషన్ అయిన నాన్నగారిని ఎం.వి.పి. కాలనీలో అన్నయ్యగారి ఇంటి నుంచి బెంజ్ సర్కిల్ దగ్గర మీ ఇంటికి తీసుకురావాలి, విమానం మేలా, రైలు మేలా?

నేను పదిహేడేళ్లు ఏటీఆర్ విమానాలకు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేశాను. ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎన్ని నిమిషాలు పడుతుంది అని కాగితం మీద లెక్క వేసి పైలట్‌కు ఇవ్వడమే నా పని. ఈ రూటు కాగితాలు నా చేతి మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు.

ముందు దూరం సంగతి. మీరు చూసిన రెండు అంకెలూ నిజమే. 350 అనేది రైలు పట్టాల దూరం, రోడ్డు మీద కూడా దాదాపు అంతే. 290 అనేది రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశంలో గీసిన సరళ రేఖ. దీన్ని ఇంట్లో కూర్చుని మీరే తేల్చుకోవచ్చు. విశాఖ విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. గన్నవరం, అంటే విజయవాడ విమానాశ్రయం, 16.53, 80.80. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు కాబట్టి అది 132. రేఖాంశాల తేడా సుమారు 2.43. మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశానికి 106 కిలోమీటర్లు వేసుకోవాలి, అది 258. ఇక టెన్త్ క్లాసులో చదివిన పైథాగరస్ సూత్రమే: రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 290. మేం మాత్రం నాటికల్ మైళ్లలో చూస్తాం. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, అంటే ఈ దూరం సుమారు 157 మైళ్లు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఈ సరళ రేఖను మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసి చూడండి. తుని మీదుగా, రాజమహేంద్రవరం మీదుగా, ఏలూరు మీదుగా పోతుంది. జాతీయ రహదారి పోయే ఊళ్లే, రైలు ఆగే ఊళ్లే. పైగా గన్నవరం విజయవాడకు ఇరవై కిలోమీటర్లు ఇవతల, ఏలూరు వైపునే ఉంది. అంటే ఈ రూటులో రోడ్డూ రైలూ ఆకాశమార్గానికి దాదాపు కిందే నడుస్తున్నాయి. విమానానికి దూరంలో కలిసొచ్చేది చాలా తక్కువ. నాన్నగారి విషయంలో నిర్ణయానికి ఈ సంగతే ముఖ్యం, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు సమయం. 290ని 510తో భాగిస్తే 34 నిమిషాలు. మీ లెక్క తప్పు కాదు. కానీ 510 అనేది విమానం పైకి చేరి, తిన్నగా నిలకడగా పోతున్నప్పటి వేగం. ఈ రూటులో విమానం అలా పోయేది పావుగంటే. మిగతా సమయం అంతా ఎక్కడంలోనో దిగడంలోనో ఉంటుంది.

నిమిషాలు విడదీసి చెబుతాను. తలుపు వేసి, చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసిన క్షణం నుంచి మా గడియారం మొదలవుతుంది. అక్కడి నుంచి రన్‌వే చివరికి పోయి, క్లియరెన్స్ వచ్చి, లేచేసరికి ఎనిమిది పది నిమిషాలు. తర్వాత ఎక్కుడు. నిండా మనుషులు, సామాను ఉన్న ఏటీఆర్ పదిహేను పదహారు వేల అడుగులకు చేరడానికి పావుగంట దాకా తీసుకుంటుంది. ఆ పావుగంటలో దాని వేగం పూర్తి వేగం కన్నా బాగా తక్కువ. తర్వాత పావుగంట నిలకడగా ప్రయాణం. అప్పటికే రాజమండ్రి దాటుతుంది, పైలట్ దిగడం మొదలుపెడతారు. దిగడానికి పన్నెండు నిమిషాలు, రన్‌వేకి ఎదురుగా వరసలోకి వచ్చి నేల తాకడానికి ఇంకో ఐదారు, ఆగే చోటుకి వచ్చి మళ్లీ చక్రాలకు దిమ్మలు పెట్టేసరికి ఇంకో ఐదు. అన్నీ కలిపితే గంట, గంటా ఐదు నిమిషాలు. దిమ్మలు తీసినప్పటి నుంచి దిమ్మలు పెట్టేదాకా పట్టే ఈ సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద ఉండేది ఇదే. గాలిలో ఉండే సమయం దీనికన్నా పావుగంట దాకా తక్కువ.

రన్‌వే ఏ దిక్కుగా ఉందన్నది కూడా చూడాలి. విశాఖలో రన్‌వే 10/28. 28 అంటే దిక్సూచిలో 280 డిగ్రీలు, దాదాపు పడమర ముఖం. గన్నవరంలో 08/26. విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. పడమటి గాలి వీచే రోజున గన్నవరం నుంచి విశాఖకు వెళ్లే విమానం ముందు పడమరకు లేచి, వెనక్కి తిరిగి తూర్పుకు పోవాలి. విశాఖ చేరాక సముద్రం మీదకు పోయి, మళ్లీ తిరిగి, సముద్రం వైపు నుంచి దిగాలి. రెండు చివరలా చుట్టు తిరుగుడే. అదే మీరు రావలసిన వైపు, అంటే విశాఖ నుంచి గన్నవరానికి అయితే, లేవడమే పడమరకు. గమ్యం కూడా నైరుతి దిక్కునే. గన్నవరంలో 26 మీద దిగడం కూడా వస్తున్న దారినే. ఎదురుగాలి ఉన్నా చుట్టు తిరుగుడు తప్పుతుంది. ఒకే రూటులో పోయేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఇంకో సమయం చూపిస్తే అది అచ్చుతప్పు అనుకోకండి.

గాలి వల్ల ఎంత తేడా వస్తుందని చాలామంది అడుగుతారు. అమెరికా నుంచి వచ్చే పిల్లలు పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ గంటల తేడా చెబుతారు, అది నిజం. కానీ ఇంత చిన్న దూరంలో అంత ఉండదు. నిలకడగా పోయే 65 నాటికల్ మైళ్లకు 30 నాట్ల (గంటకు 30 నాటికల్ మైళ్ల) గాలి వెనక నుంచి తోస్తే పదమూడు నిమిషాలు, ఎదురొస్తే పదహారు. మూడు నిమిషాల తేడా. విశాఖలో వెయిటింగ్ వస్తే దానికి మూడింతలు పోతుంది.

విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారిది, ఐ.ఎన్.ఎస్. డేగా. రన్‌వే వాళ్లదే, మన విమానాలకు వాళ్లు వాడుకోనిచ్చిన సమయాలు ఉంటాయి. వాళ్ల విమానాల శిక్షణ నడుస్తుంటే మన విమానం రన్‌వే పక్కన ఇంజన్ తిప్పుతూ నిలబడాలి. దేశ రక్షణ పని, దాన్ని తప్పుపట్టలేం. మా పనిలో ఇంధనం లెక్క వేసేటప్పుడు ఆ ఎదురుచూపుకీ కొంత వేసేవాళ్లం. గమ్యానికి కావలసింది, దానిపైన కొంత అదనం, అక్కడ దిగలేకపోతే ఇంకో విమానాశ్రయానికి పోవడానికి కావలసింది, ఆ పైన అరగంట గాలిలో తిరగడానికి సరిపడేది. ఇవన్నీ ఉంటేనే విమానం కదులుతుంది.

గన్నవరంలో ఒక జనవరి ఉదయం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఏడు గంటలైంది. కంచె అవతల పొలాలు కనపడటం లేదు, ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టిన నిచ్చెన బండి కూడా మసకగానే ఉంది. మంచు. కృష్ణా జిల్లా వాళ్లకి సంక్రాంతి ముందు ఈ పొగమంచు కొత్త కాదు. ఆకాశంలో విమానం శబ్దం వినిపిస్తోంది, తిరుగుతూ ఉంది, కనపడటం లేదు. టెర్మినల్‌లో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, 'బాబూ, పదకొండింటికి విశాఖలో డాక్టర్‌గారి అపాయింట్‌మెంట్, గంటే కదా ప్రయాణం అని ఇది బుక్ చేశాం' అన్నారు. ఆ రోజు విమానం కదిలేసరికి పదింబావు. ఆ పొద్దున బయలుదేరిన రైలు అప్పటికి సామర్లకోట దాటి ఉంటుంది. రైలూ మంచులో ఆలస్యం అవుతుంది, కాదనను. కానీ ఆగినా దారిలోనే ఆగుతుంది, మనిషి అప్పటికే సగం దూరంలో ఉంటాడు. అప్పటి నుంచి నేను ఎవరడిగినా డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున మొదటి విమానం నమ్ముకుని ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దనే చెబుతున్నాను.

ఇప్పుడు మీ ఇంటి లెక్కకు వద్దాం. ఎం.వి.పి. కాలనీ నుంచి విశాఖ విమానాశ్రయానికి ట్రాఫిక్‌ని బట్టి నలభై నిమిషాలు పెట్టుకోండి, ఎన్.ఏ.డి. కూడలి దగ్గర ఆగితే ఇంకా ఎక్కువ. చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు, కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. గాలిలోనూ నేల మీదా కలిపి గంటా ఐదు నిమిషాలు. సామాను వచ్చేసరికి పాతిక నిమిషాలు. గన్నవరం నుంచి బెంజ్ సర్కిల్‌కి ఇంకో నలభై. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. వీల్ చెయిర్ అడిగితే విమానంలోకి అందరికన్నా ముందు ఎక్కిస్తారు, దించేది మాత్రం అందరి తర్వాత, ఇంకో పది పదిహేను నిమిషాలు వేసుకోండి.

రైలుకైతే, వందే భారత్ విశాఖ నుంచి విజయవాడకు నాలుగు గంటల పైచిలుకు తీసుకుంటుంది. స్టేషన్ రెండు వైపులా ఊరి మధ్యలోనే. ఇంటి నుంచి బయలుదేరి, అరగంట ముందు స్టేషన్‌లో ఉండి, దిగాక ఇంటికి చేరేసరికి ఐదున్నర గంటల లోపే. అంటే విమానం మీకు మిగిల్చేది గంట. అంతా సవ్యంగా ఉన్న రోజున గంట, ఏ చిన్న ఆలస్యం జరిగినా ఆ గంట పోతుంది. ఇందాక చెప్పిన సరళ రేఖ విషయం ఇదే: కింద పట్టాలు కూడా దాదాపు తిన్నగా పోతున్న చోట విమానం గెలిచేది కొంచెమే.

అందరికీ ఇదే లెక్క అనడం లేదు. గాజువాకలో ఉండి హనుమాన్ జంక్షన్‌కో నూజివీడుకో పోవలసిన వారికి రెండు విమానాశ్రయాలూ దగ్గర, వారికి విమానమే నయం. ఇక విశాఖ - తిరుపతి తీసుకోండి, కథ పూర్తిగా మారిపోతుంది. సరళ రేఖలో 600 కిలోమీటర్లు. విశాఖ నుంచి స్కేలు పెట్టి రేణిగుంటకు గీస్తే గీత బంగాళాఖాతం మీదకు పోతుంది. కాకినాడ, అంతర్వేది, దివిసీమ అన్నీ కుడి చేతి వైపు ఉండిపోతాయి, కృష్ణపట్నం దగ్గర మళ్లీ నేల మీదకు వస్తుంది. సముద్రం మీద పట్టాలు వేయలేం కాబట్టి రైలు విజయవాడ, నెల్లూరు చుట్టి పోవాలి, అందుకే రాత్రంతా ప్రయాణం. విమానం గంటన్నర. ఇంటి నుంచి ఇంటికి వేసుకున్నా ఐదు గంటల లోపే. అక్కడ నేను ఎవరికైనా కళ్లు మూసుకుని విమానం చెబుతాను. నేరుగా పోయే విమానం లేని రోజున హైదరాబాద్ మీదుగా పోతే 510, 415 కలిపి సుమారు 925 కిలోమీటర్లు అవుతుంది, మధ్యలో నిరీక్షణ వేరే. అప్పుడు మళ్లీ రైలుతో పోల్చి చూసుకోవాలి. నేరుగా పోయే విమానాలు ఏడాదికి రెండుసార్లు మారతాయి, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం కొత్త షెడ్యూల్ వస్తుంది. నిరుటి టైమ్ చూసి ప్లాన్ చేయకండి.

బ్లాక్ టైమ్ గురించి ఇంకో మాట, ఇది డబ్బు సంగతి. విమానం ముందస్తుగా చెప్పకుండా రద్దు చేస్తే, అదీ వాతావరణం లాంటిది కాక సంస్థ చేతిలో ఉన్న కారణమైతే, డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ) నిబంధన ప్రకారం పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం బ్లాక్ టైమ్‌ని బట్టే. గంట వరకు అయితే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల వరకు అయితే 7,500, ఆ పైన 10,000, లేదా ప్రాథమిక చార్జీ ప్లస్ ఇంధన చార్జీ, వీటిలో ఏది తక్కువైతే అది. టికెట్ మీద గంట అని ఉందా, గంటా ఐదు నిమిషాలు అని ఉందా అన్నది ఇక్కడ పనికొస్తుంది, టికెట్ దాచుకోండి. దూరాన్ని బట్టి కూడా నిబంధనలు ఉన్నాయి. చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే కేంద్రం వారి ఉడాన్ పథకం 2017 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయల పరిమితి పెట్టారు. ఆ మొదటి రోజున జెండా ఊపిన వాటిలో కడప - హైదరాబాద్ విమానం కూడా ఉంది. ఆ పరిమితి ఉడాన్ సీట్లకే, అన్ని టికెట్లకూ కాదు.

ఇక నాన్నగారు. ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్‌గారిని అడగండి. మోకాలు వంచి ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడమే సమస్య, విమానమైనా కూర్చునే సీట్ల రైలైనా. విమానం అంటే ప్రయాణానికి ఫర్వాలేదని ఆయన రాసిచ్చిన కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ చేతి సంచిలో పెట్టుకోండి. మోకాల్లో లోహం ఉంటే సెక్యూరిటీ గేటు మోగుతుంది, కాగితం చూపిస్తే పని త్వరగా అవుతుంది. వీల్ చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగాలి, రెండు రోజులు ముందైనా చెప్పాలి.

ఏటీఆర్‌లో ఎక్కేది వెనక తలుపు నుంచి, తలుపుకే ఉన్న చిన్న మెట్ల మీదుగా. మెట్లు కొద్దివే కానీ ఇరుకు. నేను రాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, నిలబడి ఎందరినో చూశాను, తొందరలో ఆపరేషన్ అయిన కాలే ముందు వేసి తడబడతారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు, ఒక చేయి రెయిలింగ్ మీద, ఒకరు వెనకే. సీటు వెనక వరసల్లో తీసుకోండి, నడక తగ్గుతుంది. ఏటీఆర్‌లో అటు రెండు ఇటు రెండు సీట్లు. కుడి మోకాలైతే ఎడమ వైపు వరసలో నడవా పక్క సీటు, ఎడమ మోకాలైతే కుడి వైపు వరసలో నడవా పక్క సీటు. అప్పుడు ఆ కాలు నడవాలోకి కొంచెం చాచుకోవచ్చు. ఎమర్జెన్సీ డోర్ పక్కన కాళ్లకు చోటు ఎక్కువని అడగకండి, ఆపరేషన్ అయిన వాళ్లకు అక్కడ ఇవ్వరు.

ఇవన్నీ చెప్పినా, మా నాన్నగారైతే నేను ఆయన్ని విమానంలో తీసుకురాను. వందే భారత్‌లోనూ తీసుకురాను, అది నాలుగు గంటలు కూర్చునే బండి. పగలు నడిచే ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ ఏసీ లోయర్ బెర్త్ తీసుకుంటాను. ఆరు గంటలు పట్టనివ్వండి, కాలు చాచుకుని పడుకుంటారు, గంటకోసారి లేచి తలుపు దాకా నడుస్తారు, బాత్‌రూమ్‌కి వెళ్లడానికి సీట్ బెల్ట్ సిగ్నల్ కోసం ఎదురుచూడక్కర్లేదు. అరవై దాటిన మగవారికి లోయర్ బెర్త్ కోటా ఉంది, ఆయన ఒక్కరి పేరునో, మీకు నలభై ఐదు దాటి ఉంటే మీ ఇద్దరి పేర్లతోనో బుక్ చేసేటప్పుడు వయసు సరిగా వేయండి. ఒక్క జాగ్రత్త: కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి. ఎం.వి.పి. కాలనీ నుంచి దువ్వాడ అంటే ఊరంతా దాటి పోవాలి. బుక్ చేసే ముందు ఎక్కే స్టేషన్ విశాఖపట్నం అని ఉందో లేదో చూసుకోండి.